బోర్సెన్ ‘యాజమాన్యం’ ఎవరిది? ఒక మాట మీద చర్చ

అనువాదకురాలు:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. డెన్మార్క్ పత్రికల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘బోర్సెన్’ అనే వ్యాపార దినపత్రిక గురించి ఒక పేజీ ఉంది. 1896లో కోపెన్‌హాగెన్‌లో మొదలైంది. ఇప్పుడు స్వీడన్‌కు చెందిన బోనియర్ సంస్థ చేతిలో ఉంది. నేను “బోర్సెన్ యాజమాన్యం బోనియర్‌ది” అని రాశాను. మా ఎడిటర్‌గారు దాని కింద ఎర్రగీత గీసి, “యాజమాన్యం అంటే మేనేజ్‌మెంట్ కదమ్మా, నువ్వు చెప్పాలనుకున్నది ఓనర్‌షిప్ కదా” అన్నారు. నిజమే. ‘యాజమాన్య హక్కు’ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితంలా ఉంది. ‘స్వామ్యం’ అంటే భూస్వామ్యం గుర్తొస్తోంది. ‘సొంతదారు’ అంటే కిరాణాకొట్టు స్థాయికి దిగిపోతోంది. ఏం రాయమంటారు?

ఇంకో సందేహం కూడా ఉంది. 2024 ఏప్రిల్‌లో “బోర్సెన్ కాలిపోయింది” అన్న వార్త వస్తే, మా చుట్టాల గ్రూపులో ఒకాయన పత్రికాఫీసు కాలిపోయిందనుకుని తెగ బాధపడ్డారు. పాఠకులకు ఆ తికమక లేకుండా పేరు ఎలా రాయాలి?

షేర్‌మార్కెట్ బాబాయ్:
ఓనర్‌షిప్ అనే రాసేయమ్మా. చదివేవాళ్లందరికీ తెలుసు. దీనికింత టెన్షన్ దేనికి?

పాతనిఘంటువు:
బాబాయ్‌గారూ, అంత తొందరపడితే ఈ గ్రూపు ఎందుకండీ!

అమ్మా, మీ ఎడిటర్‌గారు గీత గీసిన చోటు సరైనదే. ‘యజమాన’ అనేది ‘యజ్’ ధాతువు నుంచి వచ్చింది. తన కోసం యజ్ఞం చేయించుకునేవాడు అని అర్థం. దాని భావవాచకం ‘యాజమాన్యం’. అందులో ‘మాన్యం’ అనే మాటేమీ లేదు. ఇనాం మాన్యాలకూ దీనికీ చుట్టరికం కలిపేవాళ్లు ఇదివరకు ఇక్కడే కనిపించారు కాబట్టి ముందే చెప్తున్నాను. యజ్ఞంలో యజమాని పని ఏమిటి? ఖర్చు భరించడం, సంకల్పం చెప్పుకోవడం, దక్షిణ ఇవ్వడం. ఫలం అతనిదే. మంత్రం చదివేది, ఆహుతి వేసేది, ఎక్కడైనా తప్పు దొర్లితే సరిదిద్దేది ఋత్విక్కులు. అంటే డబ్బు పెట్టేవాడు వేరు, పని నడిపేవాడు వేరు అనే తేడా ఆ మాట పుట్టిన చోటే ఉంది. మనమే మిల్లుల సమ్మెల కాలం నుంచి “యాజమాన్యంతో కార్మికుల చర్చలు విఫలం” అని రాసీ రాసీ రెంటినీ కలిపేశాం. చర్చల్లో కూర్చునేది మేనేజర్లు. వాటాదారులు ఆ గది మొహం కూడా చూడరు.

పత్రికల విషయానికే వస్తే, మన దగ్గర ఏటా మార్చి మొదట్లో పత్రికలు ఫారం-4 అని ఒక ప్రకటన వేస్తూ వచ్చాయి. లోపలి పేజీలో ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. అందులో ముద్రాపకుడు ఒక వరుస, ప్రచురణకర్త ఒక వరుస, సంపాదకుడు ఒక వరుస. ఆ తర్వాత మూలధనంలో 1 శాతానికి మించి వాటా ఉన్నవాళ్ల పేర్లు విడిగా. చట్టం ఇన్ని గళ్లు గీసి విడదీసినదాన్ని మనం ఒక్క మాటలో కుక్కితే ఎలా?

కోపెన్‌హాగెన్ కోడలు:
అక్కా, రెండో సందేహానికి నేను చెప్తాను. ఇక్కడ ‘బోర్సెన్’లు మూడున్నాయి.

మొదటిది భవనం. నాలుగో క్రిస్టియన్ రాజు 17వ శతాబ్దం మొదట్లో కట్టించిన వర్తకుల సంత. పార్లమెంటు ఉండే క్రిస్టియన్స్‌బోర్గ్ కోట పక్కనే, కాలవ ఒడ్డున పొడుగ్గా ఉంటుంది. నాలుగు డ్రాగన్ల తోకలు జడలా పెనవేసుకుని 56 మీటర్ల ఎత్తుకు లేచిన గోపురం దాని గుర్తు. కొసన మూడు కిరీటాలు: డెన్మార్క్, నార్వే, స్వీడన్. పక్కనున్న కోట 1794లోనూ 1884లోనూ తగలబడింది, దీనికి మాత్రం ఏమీ కాలేదు. ఆ డ్రాగన్లే కాపలా కాస్తున్నాయని ఇక్కడివాళ్లు చెప్పుకునేవాళ్లు. 2024 ఏప్రిల్ 16 పొద్దున మరమ్మతులు జరుగుతుండగా అంటుకుంది. గోపురం అందరూ చూస్తుండగానే విరిగి పడింది. లోపల పనిచేసేవాళ్లు, అగ్నిమాపక సిబ్బంది, దారినపోయేవాళ్లు కూడా కలిసి పెద్ద పెద్ద పటాలు భుజాలమీద మోసుకుంటూ బయటికి తెచ్చారు. వాటిలో క్రోయర్ అనే చిత్రకారుడు 1895లో వేసిన పటం ఒకటి. బోర్సెన్ హాల్లో నల్లకోట్ల వర్తకులు గుంపుగా నిలబడి ఉంటారు. మీ పత్రిక పుట్టింది ఆ పటం వేసిన మరుసటి ఏడాదే. దాని తొలి పాఠకులు ఎలా ఉండేవాళ్లో చూడాలంటే ఆ పటం చూస్తే చాలు.

రెండోది అసలు స్టాక్ ఎక్స్ఛేంజ్. అది 1974లోనే ఆ భవనం ఖాళీ చేసి వెళ్లిపోయింది. మూడోది పత్రిక. దాని ఆఫీసు వేరే చోట ఉంది. మీ చుట్టాలాయనకు చెప్పండి, కాలిపోయింది పత్రిక కాదని, షేర్లు కొని అమ్మే చోటూ కాదని.

తమాషా ఏమిటంటే పేరు ఒకటే గానీ మూడింటికీ మూడు రకాల ఓనర్లు. భవనాన్ని 1857లో ఏడో ఫ్రెడరిక్ రాజు 70,000 రిగ్స్‌డాలర్లకు టోకు వర్తకుల సంఘానికి అమ్మేశాడు. ఇప్పుడది డాన్స్క్ ఎర్వర్వ్ అనే వాణిజ్య మండలిది. స్టాక్ ఎక్స్ఛేంజ్‌ని 2005లో స్వీడన్ కంపెనీ ఓఎమ్ఎక్స్ కలిపేసుకుంది. 2008లో ఓఎమ్ఎక్స్‌ని అమెరికా నాస్‌డాక్ కొనేసింది. పత్రికేమో స్వీడన్ బోనియర్ వాళ్లది. డెన్మార్క్ డబ్బుకు గుర్తుగా నిలిచిన ఆ పేరు మోసేవాటిలో డెన్మార్క్ చేతిలో మిగిలింది ఆ భవనం ఒక్కటే. అదీ ఇప్పుడు మళ్లీ కడుతున్నారు.

పలకడం గురించి కూడా చెప్తాను. ఆ ‘ఓ’కి అడ్డంగా గీత ఉంటుంది. పెదాలు ‘ఓ’కి పెట్టినట్టు గుండ్రంగా పెట్టి, నాలుకతో ‘ఏ’ అనాలి. ‘ర’ వినపడీ వినపడకుండా గొంతులో కలిసిపోతుంది. తెలుగులో దానికి అక్షరం లేదు. ‘బోర్సెన్’ అనే రాయండి, ఎవరూ తప్పు పట్టరు. చివర ‘ఎన్’ మాత్రం పేరులో భాగం కాదు. ‘బోర్స్’ అనేదే మాట. ఇంగ్లీషులో ముందు వచ్చే ‘ద’ని వీళ్లు మాట వెనక తగిలిస్తారు. ‘పొలిటికెన్’ అనే ఇంకో పెద్ద పత్రిక పేరులోనూ ఆ ‘ఎన్’ ఇదే.

షేర్‌మార్కెట్ బాబాయ్:
అయితే బోర్స్ అంటే షేర్ బజార్ అన్నమాట. మరి దానికి అసలు అర్థం?

పాతనిఘంటువు:
సంచి. బెల్జియంలోని బ్రూజ్ ఊళ్లో ‘వాన్ డెర్ బ్యూర్సె’ అనే కుటుంబానికి ఒక సత్రం ఉండేది. దాని ముందున్న కూడలిలో దేశదేశాల వర్తకులు చేరి హుండీలు, అంటే డబ్బు చెల్లింపు పత్రాలు, మార్చుకునేవాళ్లు. ఆ ఇంటిపేరే ఆ కూడలికీ, ఆ పనికీ పేరైంది. ఫ్రెంచిలో బూర్స్, జర్మన్‌లో బ్యోర్సె, డచ్‌లో బ్యోర్స్, డేనిష్‌లో బోర్స్. ఆ ఇంటిపేరు వెనక ఉన్నది లాటిన్ ‘బుర్స’, అంటే డబ్బుసంచి. దాని వెనక గ్రీకు ‘బ్యుర్స’, అంటే తోలు.

ఇదేదో పరాయి ముచ్చట అనుకోకండి. మన జేబులో ఉన్న ‘పర్సు’ ఆ ‘బుర్స’ సంతానమే. ఇంకోటి మీ ఇళ్లలో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే రోజూ వినే మాట: ఫీజు రీయింబర్స్‌మెంట్. అందులో ఉన్న ‘బర్స్’ కూడా ఇదే. మళ్లీ సంచిలో వేయడం అని అర్థం. సంచిలో ఎప్పుడు పడుతుందన్నది వేరే సంగతి.

కోపెన్‌హాగెన్ కోడలు:
మాస్టారూ, పాత డేనిష్‌లో కూడా బోర్స్ అంటే డబ్బుసంచి అనే అర్థం ఉందట. ఇంకా బాగుండేది ‘సోర్ట్‌బోర్స్’. సోర్ట్ అంటే నలుపు. కచేరీ టికెట్లు బయట ఎక్కువ రేటుకు అమ్మితే ఆ మాటే వాడతారు. అచ్చం మన నల్లబజారు!

పాతనిఘంటువు:
బలే! అయితే బోర్స్‌కి ‘బజారు’ దగ్గరి మాటే. బాబాయ్‌గారి షేర్ బజార్‌కి పూర్తి మార్కులు.

అనువాదకురాలు:
మాస్టారూ, ఇదంతా బాగుంది గానీ నా వాక్యం ఇంకా ఎర్రగీత కిందే ఉంది. పైగా ఈ పత్రికలో ఆ తేడా నిజంగానే అవసరం. వ్యాసంలో ఉన్నదిదీ: 2018లో పత్రికకు బ్యార్నె కోరుడోన్ అనే ఆయన ప్రధాన సంపాదకుడిగా వచ్చారు. ఆయన 2011 నుంచి 2015 దాకా ఆ దేశ ఆర్థికమంత్రి. పత్రికలోకి ఆయన సంపాదకుడిగానే కాదు, మేనేజింగ్ డైరెక్టరుగా కూడా వచ్చారు. అక్కడ పత్రికలో వచ్చిన రాతలకు చట్టం ముందు జవాబు చెప్పాల్సినవాళ్లలో, బాధ్యుడిగా పేరు వేసుకున్న సంపాదకుడు ఒకరు. ఇప్పుడు నేను “యాజమాన్యం బోనియర్‌ది, సంపాదకత్వం కోరుడోన్‌ది” అని రాస్తే, ఆఫీసు నడిపేది కూడా బోనియర్ మనుషులే అనుకుంటారు. నడిపింది ఆయనే. డబ్బు మాత్రం ఆయనది కాదు.

పాతనిఘంటువు:
చూశారా, ఋత్విక్కు ఒకాయనే రెండు ఆసనాలమీద కూర్చున్నా యజమాని కాలేదు. ఒక మాజీ ఆర్థికమంత్రి వ్యాపార పత్రిక సంపాదకుడవడం గురించి మన దగ్గరైతే మనం ఇలా వ్యాకరణం మాట్లాడుకుంటూ కూర్చునేవాళ్లం కాదు. అది పక్కన పెడదాం.

కోపెన్‌హాగెన్ కోడలు:
బోనియర్ గురించి ఒక ముక్క చెప్పనివ్వండి. ఇక్కడ కొందరు “మన బోర్సెన్ స్వీడన్ వాళ్ల చేతికి పోయింది” అంటుంటారు. కానీ బోనియర్ వంశం మొదలైందే కోపెన్‌హాగెన్‌లో. డ్రెస్డెన్ నుంచి వచ్చిన గెర్హార్డ్ బోనియర్ అనే యూదు యువకుడు ఇక్కడ పుస్తకాల వ్యాపారం పెట్టి 1804లో తొలి పుస్తకం వేశాడు, అదీ నేరకథల పుస్తకం. కొడుకులు స్వీడన్ వెళ్లి స్థిరపడ్డారు. 1837లో ఆల్బర్ట్ బోనియర్ స్టాక్‌హోమ్‌లో ప్రచురణ సంస్థ మొదలుపెట్టాడు. ఆ వంశంవాళ్లే 1970 ప్రాంతంలో బోర్సెన్‌లో పెట్టుబడి పెట్టారు. అప్పటికి అది చితికిపోయిన చిన్న పత్రిక. సైజు తగ్గించి, వర్తకుల ధరల పట్టికల స్థాయి నుంచి కంపెనీల వార్తల పత్రికగా మార్చారు. ఇక్కడ చేయి తిరిగాక 1976లో స్వీడన్‌లో ‘డాగెన్స్ ఇండస్ట్రి’ పెట్టారు. 1989లో, సోవియట్ యూనియన్ ఇంకా ఉండగానే, ఎస్టోనియాలో ‘ఎరిపేవ్’. డెన్మార్క్ పత్రికను స్వీడన్ మింగేసిందనడం కంటే, డెన్మార్క్‌లో నేర్చుకున్న పనిని స్వీడన్ వాళ్లు బాల్టిక్ దేశాలదాకా తీసుకెళ్లారనడం న్యాయం అనిపిస్తుంది నాకు. మధ్యలో బోర్సెన్‌లో జేపీ-పొలిటికెన్ హౌస్ అనే డెన్మార్క్ సంస్థకూ పెద్ద వాటా ఉన్న రోజులున్నాయి. అక్కా, మీ వ్యాసంలో ఆ కాలం ఉంటే ‘వాటా’ అనే రాయండి, ఇంకేమాటా నప్పదు.

ఓరుగల్లు:
అందరికి నమస్తె. ఇంతసేపు సదివిన. ఒక్క ముచ్చట అడుగుత. గా పేపర్ ఎవ్వలిది అంటే ఏమంటరు? బోనియరోళ్లది అంటరు. ఇల్లు ఎవ్వలిది? మా మామది. పొలం ఎవ్వలిది? మా పెద్దబాపుది. దీనికి యాజమాన్యమెందుకు, స్వామ్యమెందుకు? ‘ది’ అనే ఒక్క అక్షరంల ఓనర్‌షిప్ మొత్తం ఉన్నది.

పాతనిఘంటువు:
నాయనా, నువ్వు ముందే వచ్చి ఉంటే మాకు ఇంత శ్రమ తప్పేది. సంస్కృతం కోసం వెతుకుతూ షష్ఠీ విభక్తిని మర్చిపోయాం. “బోర్సెన్ పత్రిక స్వీడన్‌లోని బోనియర్ సంస్థది. నడిపేది సంపాదకుడు.” రెండు వాక్యాలు. ఎర్రగీత పడడానికి చోటే లేదు. వాటాలు పంచుకున్న కాలానికి మాత్రం ‘ది’ చాలదు. అక్కడ ‘వాటా’, ‘వాటాదారు’.

అనువాదకురాలు:
ఇది చాలా బాగుంది తమ్ముడూ, థాంక్స్. ‘బోర్సెన్ పత్రిక’, ‘బోర్సెన్ భవనం’ అని ప్రతిచోటా రెండో మాట చేరుస్తాను. ఒక్కటే మిగిలింది. ఈ పత్రిక 1995 నుంచి ఏటా వేగంగా పెరుగుతున్న కంపెనీలను ‘గజెల్’ అని ప్రకటిస్తుంది. నాలుగేళ్లలో రెట్టింపు కావాలి, మధ్యలో వెనక్కి తగ్గకూడదు. అక్కడి కంపెనీలు “మేం గజెల్” అని గర్వంగా గోడకు తగిలించుకుంటాయట. ‘జింక కంపెనీ’ అంటే బాగుంటుందా?

షేర్‌మార్కెట్ బాబాయ్:
జింక అంటే పులికి దొరికేది అనుకుంటారు మనవాళ్లు. ఏ ఇన్వెస్టరూ ముందుకు రాడు.

ఓరుగల్లు:
లేడి అనుండ్రి. లేడికి లేచిందే పరుగు.

షేర్‌మార్కెట్ బాబాయ్:
మన బిజినెస్ పేజీల్లో మార్కెట్ పెరిగితే బుల్ రంకెలేస్తుంది. మార్కెట్ పడితే ‘బేర్‌మన్న సెన్సెక్స్’ అని పెడతారు. ఎలుగుబంటిని తెచ్చి తెలుగు ఏడుపులో కలిపేసిన సబ్ ఎడిటర్ ఎవరో గానీ దండం పెట్టాలి. లేడికి కూడా అలాంటివాడొకడు దొరకాలి.

అనువాదకురాలు:
అయితే ప్రస్తుతానికి ‘గజెల్’ అనే ఉంచి, పక్కన ‘పరుగు లేడి’ అని ఒకసారి పరిచయం చేస్తాను. ఇంతకంటే మంచి మాట తట్టినవాళ్లు శుక్రవారంలోగా చెప్పండి, ప్రూఫులు ఆ రోజే వెళ్తాయి.