కింగ్ కాంగ్: 1933దా, 2005దా? ఏది ముందు చూడాలి?

నిశాచరి: రెండూ వరసగా చూద్దామనుకుంటున్నా. పాతదాంట్లో కాంగ్ అనే ఆ పెద్ద కోతి బొచ్చు ఊరికే కదులుతుంటుంది, ప్రింటు పాడైందా? కొత్తది 3 గంటలు, అంత అవసరమా?

రీలుపెట్టె: ప్రింటు తప్పు కాదండి. ఆ కాంగ్ సుమారు 18 అంగుళాల బొమ్మ. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, పైన కుందేలు బొచ్చు. కొద్దికొద్దిగా కదిపి ఒక్కో ఫ్రేమూ తీశారు, సెకనుకి 24. దీన్నే స్టాప్ మోషన్ అంటారు. కదిపిన ప్రతిసారీ వేళ్లు తగిలి బొచ్చు చెదురుతుంది, మీకు కనిపించేది అదే. ఆ బొమ్మని ఆడించిన విల్లిస్ ఓబ్రయన్ పనితనం తెలియాలంటే డైనోసార్‌తో కుస్తీ చూడండి. దవడ చీల్చేశాక, చచ్చిందో లేదోనని కాంగ్ దాన్ని ఆడించి చూస్తాడు. 2005 సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ ఆ చేష్టని అలాగే ఉంచాడు, కాకపోతే ఒక డైనోసార్‌ని మూడు చేశాడు. నా లెక్కలో అదనంగా వచ్చిన ఆ రెండు డైనోసార్లూ దండగ.

చీకటిహాలు: పోరాటం వరకూ ఒప్పుకుంటా. కానీ 2005లో అసలు లాభం కాంగ్‌గా చేసిన నటుడు ఆండీ సెర్కిస్. ముఖానికి మార్కర్లు అతికించి ఆయన నటన పట్టుకున్నారు, అందుకే కాంగ్ కళ్లలో విసుగూ అలకా కనిపిస్తాయి. పాతదాంట్లో హీరోయిన్ ఆన్‌గా ఫే రే మొదట్నుంచీ చివరిదాకా కేకలే. కొత్తదాంట్లో అదే పాత్రలో నవోమీ వాట్స్ గారడీలు చేసి కోతిని నవ్విస్తుంది, కాబట్టి చివర్లో ఎంపైర్ స్టేట్ భవనం మీద ఆమె ఏడుపుకి అర్థముంది. తేలిపోయింది మాత్రం డైనోసార్ల తొక్కిసలాట. మనుషుల మీద పడే వెలుగుకీ వెనకాల దృశ్యానికీ పొంతన లేదు, పాదాలు నేలకి ఆనినట్టే ఉండవు.

నిశాచరి: అయితే పాతదే ముందు. చూసేటప్పుడు జాగ్రత్తలేమైనా?

రీలుపెట్టె: టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి స్టాప్ మోషన్‌ని జెల్లీలా చేస్తుంది. తెర మీద దృశ్యం దాదాపు చదరంగా ఉంటుంది, టీవీ నిండేలా సాగదీయొద్దు. రంగులద్దిన కాపీ జోలికి పోకండి. 1938లో మళ్లీ వదిలినప్పుడు కొన్ని ముక్కలు కోసేశారు, తర్వాత కలిపారు. కాంగ్ ఆన్ బట్టలు ఒలిచి వేళ్లు వాసన చూసే సీను లేకపోతే మీ దగ్గరున్నది కోత పడ్డదే.

చీకటిహాలు: కొత్తదానికి 187 నిమిషాల థియేటర్ కట్, అంటే హాళ్లలో ఆడిన కాపీ, చాలు. అందులో కాంగ్ కనిపించడానికే గంట దాటుతుంది. ఓడ మీద సీన్లు కాస్త ఓపిక పట్టండి.