లెన్స్ డబ్బా మీద మూడేళ్ల కిందటి తేదీ ఉంది, కొనొచ్చా?

కోఠీ_కుర్రాడు
అన్నలూ, ఒక డౌట్. కెనాన్ ఈఎఫ్ 85ఎంఎం ఎఫ్/1.8 కెమెరా లెన్స్ కోసం నిన్న షాపుకెళ్లా. కొత్త డబ్బానే, కానీ స్టిక్కర్ మీద తయారీ నెల చూస్తే మూడేళ్ల కిందటిది. అడిగితే "ఇదేమన్నా పాల ప్యాకెట్టా బాబూ" అని నవ్వాడు. నవ్వుతూనే రెండు వేలు తగ్గిస్తానన్నాడు. లోటేమీ లేకపోతే అడక్కుండానే ఎందుకు తగ్గిస్తాడు? అప్పట్నుంచి అదే టెన్షన్.

ముహూర్తం_క్లిక్స్
మాది కాకినాడండి, పదహారేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. తేదీ సంగతి వదిలేయండి, ఆ డబ్బా ఇన్నాళ్లూ ఎక్కడుందో అడగండి. నా సంగతి చెప్తాను. ఒక ఏడాది కొత్త 50ఎంఎం కొన్నాను, స్టిక్కర్ చూస్తే తయారై రెండు నెలలే. ఆషాఢంలో ముహూర్తాలుండవు కదండీ, కెమెరా బ్యాగు జిప్పు వేసి అటకెక్కించేశాను. బయట ఒకటే ముసురు. శ్రావణంలో మొదటి పెళ్లికి దింపితే ముందు గాజు తళతళలాడుతోంది. ఫోన్ టార్చి వెనక నుంచి కొట్టి చూద్దును కదా, లోపలి గాజు అంచున సాలెగూడు పోగుల్లా ఫంగస్! విప్పించి తుడిపిస్తే పోగులు పోయాయి గానీ కోటింగ్ మీద మచ్చ ఉండిపోయింది. అదే ఇంట్లో, గాలి చొరబడని డబ్బాలో పెట్టిన 2009 నాటి లెన్స్ మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా ఉందండి.

ఆర్కే_బీచ్
కరెక్ట్ గురూ. మా వైజాగ్‌లో ఇది ఇంటింటి కథ. గాల్లో తేమ 60 శాతం దాటి అలాగే ఉండిపోతే ఫంగస్‌కి పండగే. 40-50 మధ్య ఉంచితే చాలు. ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్ (తేమ తీసేసే బీరువా) కొనక్కర్లేదు, బిగుతు మూతున్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), చిన్న తేమ మీటరు సరిపోతాయి. నీలం జెల్ గులాబీ రంగుకి తిరిగిందంటే తేమ పీల్చేసిందని లెక్క, వేడి చేస్తే మళ్లీ నీలం. బియ్యంలో మాత్రం దాచకండి బాబూ, ఆ పిండి జూమ్ రింగులోకి దూరితే ఇంకో ఖర్చు.

డల్లాస్_లెన్సు
నూటికి తొంభై సార్లు తేదీతో పనిలేదన్నది ఒప్పుకుంటా. కానీ పనికొచ్చిన సందర్భం ఒకటుంది. 2005లో కెనాన్ 24-105 ఎఫ్/4ఎల్ కొత్తగా వచ్చినప్పుడు తొలి బ్యాచ్‌ల్లో ఫ్లేర్ (వెలుతురు పడితే ఫోటోలో అనవసరపు మెరుపులు రావడం) సమస్య ఉందని కంపెనీయే చెప్పి, ఉచితంగా బాగుచేసింది. నీ లెన్స్ ఆ బ్యాచ్‌దో కాదో వెనక మౌంటు (కెమెరాకి బిగించే చోటు) మీది కోడ్‌లోనే తెలిసేది. అప్పట్లో మొదటి అక్షరం ఫ్యాక్టరీ, రెండోది సంవత్సరం, తర్వాతి రెండంకెలు నెల. యూఆర్09 అంటే ఉత్సునోమియా ఫ్యాక్టరీ, 2003 సెప్టెంబర్. కొత్త లెన్సుల మీద ఈ కోడ్ రావడం లేదు. అందుకే కొత్త మోడల్ విడుదలైన మొదటి నెలల్లోనే ఎగబడి కొనను. మీ 85 అలాంటిది కాదు, 1992 నాటి డిజైన్. మూడేళ్ల కింద చేసినా నిన్న చేసినా గాజు అదే.

నల్గొండ_నలుపుతెలుపు
నవ్వకండి. 2019లో కొన్న సిగ్మా 50ఎంఎం ఆర్ట్ మీద 014 అని ఉంటే, ఐదేళ్ల పాత సరుకు అంటగట్టాడని షాపులో లొల్లి పెట్టినా. తీరా అది ఆ మోడల్ విడుదలైన ఏడాదంట. తయారైన ఏడాది కాదు. మళ్లా ఆ షాపు మొఖం చూడలే.

ఆర్కే_బీచ్
😂😂

పాతగాజు
నా బీరువా నిండా ముసలి లెన్సులే కాబట్టి ఒక మాట. సోవియట్ హీలియోస్ లెన్సుల సీరియల్ నంబర్‌లో మొదటి రెండంకెలు చాలావరకు తయారైన ఏడాదే. నా దాని మీద 79. వయసు వల్ల అసలు రంగే మారేది పెంటాక్స్ వాళ్ల పాత తకుమార్ 50ఎంఎం ఎఫ్/1.4 లాంటివాటిలో. థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన గాజు ఏళ్లు గడిచేకొద్దీ టీ రంగుకొస్తుంది. కొన్ని వారాలు కిటికీ ఎండలో పెడితే మళ్లీ తేటపడుతుంది. వాడకుండా పడేసిన పాతవాటిలో గ్రీజు ఎండి ఫోకస్ రింగు బిగుసుకోవడం, అపెర్చర్ (లోపలికి ఎంత వెలుతురు రావాలో సరిచేసే కన్నం) రెక్కలకి నూనె అంటడం మామూలే. మూడేళ్లకి ఇవేవీ రావు.

డల్లాస్_లెన్సు
తమ్ముడూ, ఆ రెండు వేల అనుమానం తీర్చలేదు కదా. 2018లో కెనాన్ కొత్త ఆర్ఎఫ్ మౌంటు వచ్చాక జనం మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం) కెమెరాల వైపు వెళ్లిపోయారు. పాత ఈఎఫ్ మౌంటు లెన్స్ షెల్ఫులో కూర్చుంటే అతని డబ్బు ఇరుక్కున్నట్టే. తగ్గింపు అందుకే. నువ్వు చూడాల్సింది వారంటీ బిల్లు తేదీ నుంచి మొదలవుతుందా అన్నది. అది కార్డు మీద రాయించుకో. అక్కడే ఎఫ్/1.8లో (అపెర్చర్ పూర్తిగా తెరిచి) ఒక గోడని సూటిగా ఎదురుగా నిలబడి ఫోటో తీసి నాలుగు మూలలూ జూమ్ చేసి చూడు. ఒక మూల మాత్రమే మసగ్గా ఉంటే ఆ పీసు వద్దను.

కోఠీ_కుర్రాడు
కొనేశా! టార్చి అడిగితే షాపాయనే తన ఫోన్ ఇచ్చాడు. లోపల రెండు మూడు దుమ్ము రేణువులు తప్ప ఏమీ లేవు. ఎదురుగా ఉన్న షాపు షట్టరు ఫోటో తీస్తే నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయి. ఆటోఫోకస్ పాతిక సార్లు నొక్కి చూశా, ఆయనకే విసుగొచ్చింది. బిల్లు తేదీ కార్డు మీద రాసి స్టాంపు వేయించుకున్నా. రెండు వేలు కాస్తా మూడు వేలు చేయించా.

ముహూర్తం_క్లిక్స్
శుభం అండి. మరి బిగుతు మూత డబ్బా సంగతి?

కోఠీ_కుర్రాడు
అమ్మ కందిపప్పు డబ్బా ఖాళీ చేయించా అన్నా. ఇంట్లో ఇంకా మాటల్లేవు.