నీళ్లు ‘ఆగే’ చోటా, ‘నిలిచే’ చోటా?

సీతాఫల్‌మండి నుంచి, ప్రశ్న:

ఒక్క క్రియ దగ్గర వారం రోజులుగా ఇరుక్కుపోయాను. పెద్దలు కాస్త చెయ్యందించాలి.

అమెరికాలో శాంటా ఫే పట్టణంలో ఫారెస్ట్ ఫెన్ అనే కళాఖండాల వ్యాపారి ఉండేవారు. బంగారు నాణేలు, నగలు నింపిన కంచు పెట్టెను రాకీ పర్వతాల్లో ఎక్కడో దాచి, 2010లో తన ఆత్మకథలో 24 పాదాల పద్యం ఒకటి అచ్చువేశారు. అందులో తొమ్మిది ఆనవాళ్లున్నాయి, వరుసగా పట్టుకుని వస్తే పెట్టె మీదే అన్నారు. ఇక చూడండి, పదేళ్లపాటు వేలాదిమంది ఆ పద్యం చేతపట్టుకుని కొండలెక్కారు. ఆ వెతుకులాటలో ఐదుగురు చనిపోయినట్టు వార్తలు కూడా వచ్చాయి. చివరికి 2020లో వయోమింగ్‌లో ఒక వైద్య విద్యార్థికి దొరికింది.

మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఈ సెలవుల్లో అలాంటి ఆట పెడదామనుకున్నాం. నిధి అంటే పెద్దగా ఏమీ లేదు, ఒక డబ్బా నిండా పల్లీపట్టీలు. పద్యం మాత్రం తెలుగులో ఉండాలి. ఫెన్ చెప్పిన మొదటి ఆనవాలు, వెచ్చని నీళ్లు ఎక్కడ ఆగుతాయో అక్కడ మొదలుపెట్టమని. నేను ‘ఆగే చోట’ అన్నాను. మా బావగారు ‘నిలిచే చోట’ అనకపోతే అది తెలుగే కాదంటున్నారు. ఏది సరి?

తార్నాక నుంచి:

రెండూ తెలుగే, కానీ రెండూ ఒకటి కాదు. ‘ఆగు’ అన్నప్పుడు మన దృష్టి కదలిక మీద ఉంటుంది. బస్సు ఆగింది, వాన ఆగింది. ‘నిలుచు’ అన్నప్పుడు తరవాత ఏం మిగిలిందో దాని మీద ఉంటుంది. నిలవ నీరు, నిలవ పచ్చడి, ప్రాణం నిలిచింది, మాట నిలిచింది. మన ఊళ్లో పరీక్ష ఇంకా సులువు. నీళ్లు ఆగాయంటే నల్లా వైపు చూస్తాం. నీళ్లు నిలిచాయంటే ప్యాంటు మడతపెట్టుకుని రైలు వంతెన కింది దారి వైపు చూస్తాం. మీ బావగారు రెండోదాన్ని ఎక్కువగా చూసినట్టున్నారు.

మల్కాజిగిరి నుంచి:

తార్నాక వారు చెప్పిన తేడా బాగుంది. అయితే ఇక్కడ అసలు సంగతి వ్యాకరణం కాదు. ఇది పొడుపు. పొడుపును అనువదించేవాడు దాన్ని విప్పకూడదు.

ఫెన్ మాట మీద జనం ఎన్ని దారులు పట్టారో చూడండి. ఒకరు వేడినీటి బుగ్గ అన్నారు. ఒకరు ఆనకట్ట అన్నారు. ఎక్కువమందిని పట్టుకున్నది మాత్రం యెల్లోస్టోన్ జాతీయ వనంలోని ఒక నదీ సంగమం. అక్కడ ఫైర్‌హోల్ అనే నది వేడి బుగ్గల నీళ్లు కలుపుకుంటూ వచ్చి గిబ్బన్ నదిలో కలుస్తుంది. ఆ రెండూ కలిశాక దాని పేరు మాడిసన్. అంటే నీళ్లు పారుతూనే ఉంటాయి, వేడి తగ్గుతుంది, పేరు ఆగుతుంది. ‘నిలిచే చోట’ అని రాశారనుకోండి, ఈ సంగమం లెక్కలోంచి కొట్టుకుపోతుంది, చెరువూ ఆనకట్టా మాత్రమే మిగులుతాయి. కవి తెరిచి ఉంచిన మూడు తలుపుల్లో ఒకటి మీరు మూసేశారన్నమాట. కాబట్టి నా ఓటు ‘ఆగే’కు.

తమాషా ఏమిటంటే, ఆ సంగమం మన సామెతలోనే ఉంది: వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు.

రామంతాపూర్ నుంచి:

పొడుపు మాట వచ్చింది కనుక సంస్కృత ఆలంకారికుడు దండిని తలుచుకోకుండా ఉండలేను. కావ్యాదర్శంలో ఆయన ప్రహేళికలను, అంటే పొడుపులను, పదహారు రకాలుగా చెప్పాడు. మనకు పనికొచ్చేవి మొదటి రెండూ. సంధి చాటున అర్థాన్ని దాచేది ‘సమాగత’. వేరేచోట రూఢమైన మాటతో పక్కదారి పట్టించేది ‘వంచిత’.

ఫెన్ పద్యంలో ‘బ్రౌన్ ఇంటికి దిగువన’ అనే ఆనవాలు ఒకటి ఉంది. అచ్చమైన వంచిత. రంగు అనుకుందామంటే మొదటి అక్షరం పెద్దది వేశాడు. మనిషి పేరనుకుందామంటే ఆ ప్రాంతపు వాగుల్లో బ్రౌన్ ట్రౌట్ అనే చేప ఉంది. పదేళ్లు జనాన్ని తిప్పింది ఆ ఒక్క పెద్దక్షరం. మనకు ఆ సౌకర్యం లేదు, తెలుగు లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఉండవు. తెలుగువాణ్ణి అడిగితే బ్రౌన్ ఇల్లు ఎక్కడుందో వెతకకుండానే చెబుతాడు, కడపలో అని! వేమన పద్యాలు 1829లో అచ్చువేయించిన దొర ఇల్లు మనకు ఇంకెక్కడుంటుంది?

అయితే పెద్దక్షరం లేకపోవడం మనకు నష్టమేమీ కాదు. సీతాఫల్‌మండి వారి పక్కనే చిలకలగూడ ఉంది. ‘చిలకల గూటికి దిగువన’ అని రాయండి. అది ఊరి పేరో పక్షి గూడో రాతలో తెలియదు. ఇంగ్లీషులో అయితే మొదటి అక్షరమే గుట్టు బయటపెట్టేది.

అంబర్‌పేట నుంచి:

చిన్న పక్కదారి, మన్నించాలి. మీరంతా ‘నిధి’ అంటున్నారు. మా తాతగారి పొలం దస్తావేజులో ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ అంటూ ఒక వరుస ఉంది. దానశాసనాల్లో కనిపించే అష్టభోగాల, అంటే భూమి మీది ఎనిమిది హక్కుల, జాబితా అరిగి అరిగి దస్తావేజుల్లోకి దిగిన రూపం అది. నిక్షేపం అంటే ఒకరు కావాలని దాచి ఉంచింది. అలా చూస్తే ఫెన్ పెట్టె నిధి కాదు, నిక్షేపం. పదేళ్లు ఎవరి చేతికీ చిక్కకుండా నిక్షేపంగా ఉంది కూడా. పల్లీపట్టీల సంగతి వేరు, వాటికి చీమల భయం ఉంది.

అన్నట్టు, నిజంగా లంకెబిందెలు దొరికితే సంబరపడకండి. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం గురించి కలెక్టరుకు చెప్పాల్సిందే.

కాచిగూడ నుంచి:

ఫెన్ పద్యంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ‘బ్లేజ్’. దాని అర్థం మంట కావచ్చు, గుర్రం ముఖాన ఉండే తెల్ల పట్టె కావచ్చు, అడవిలో దారి తప్పకుండా చెట్టు బెరడు చెక్కి పెట్టే గుర్తు కావచ్చు. మూడూ ఒకే మాట. దాన్ని కనుక్కున్నాక కిందికి చూడమంటాడు. ‘జ్వాల’ అని అనువదిస్తే రెండు అర్థాలు చచ్చిపోతాయి. నాకు తోచింది ‘చుక్క’. ఆకాశంలో ఉన్నదీ చుక్కే, నొసట పెట్టుకున్నదీ చుక్కే, వాకిట్లో ముగ్గుకు పెట్టేదీ చుక్కే, కుళాయి నుంచి కారేదీ చుక్కే. ఇంకో చుక్క కూడా ఉంది కానీ పిల్లల ఆట కదా, వదిలేద్దాం. అర్థాలను ఒకదానికొకటి జతచేస్తూ కూర్చోవద్దండీ, తికమకకు తికమక ఇవ్వండి.

సీతాఫల్‌మండి నుంచి:

అందరికీ నమస్కారాలు. బ్రౌన్ పేరు వచ్చింది కనుక వేమన నడిచిన ఆటవెలదిలోనే ప్రయత్నించాను.

వేడి నీళ్లు నిలిచి వేరు దారిని బట్టు
చోట మొదలు పెట్టి చూడు లోయ
చిలుకలుండు గూటి చేరువ దిగువను
చుక్క కింద వెదుకు చూపు నిలిపి

మల్కాజిగిరి వారు కోప్పడతారని తెలుసు. ‘ఆగి’ అంటే గణం సరిపోతుంది గానీ, బావగారింట్లో రేపు భోజనం ఉంది.

మల్కాజిగిరి నుంచి:

కోపం ‘నిలిచి’ మీద కాదు. ‘వేరు దారిని బట్టు’ అని చేర్చి సంగమాన్ని మీరే చెప్పేశారు. మూసిన తలుపు తెరవబోయి, తెరిచి ఉన్న మిగతా రెండూ మూశారు. ఇప్పుడు ఆనకట్ట అన్నవాడు ఓడిపోతాడు. యతులు మాత్రం ముచ్చటగా కుదిరాయి, ముఖ్యంగా నాలుగో పాదం.

తార్నాక నుంచి:

నాదీ ఒక సందేహం. మూడో పాదంలో ‘చిలుకలుండు గూటి’ అన్నారు. చిలకలగూడ అని ఎవరికైనా తోచాలంటే ‘ఉండు’ అడ్డు కదా? దండి చెప్పిన వంచిత కావాలంటే రెండు మాటలూ ఆనుకుని ఉండాలి. ఛందస్సు కోసం పెట్టిన క్రియ గుట్టు విప్పేసింది.

సీతాఫల్‌మండి నుంచి:

రెండూ ఒప్పుకుంటున్నాను. పద్యం మార్చే వ్యవధి మాత్రం దొరకలేదు, ఆట నిన్ననే అయిపోయింది. నా లెక్కలో మొదటి ఆనవాలు వాచ్‌మన్ గది పక్కన స్నానాల నీళ్లు కాలువలో కలిసే చోటు. మూడో అంతస్తు గోడ మీద ఎవరో వేసిన చిలకల బొమ్మ, దాని కింద మెట్ల మీద సున్నపు చుక్క. ఎనిమిదేళ్ల పిల్ల పద్యం ఒక్కసారి చదివి, కాలువ వైపు చూడనైనా చూడకుండా తిన్నగా మేడ మీదికి పరుగెత్తింది. వేడి నీళ్లు నిలిచేది సోలార్ ట్యాంకులో కదా, అక్కడి నుంచి గొట్టం వేరే దారిలో కిందికి దిగుతుంది కదా అంది. గొట్టం వెంటే దిగింది. అది చిలకల బొమ్మ పక్కగానే పోతుందని అప్పటిదాకా నేను గమనించలేదు.

బావగారు అప్పటి నుంచి ‘నిలిచే’ గురించి మాట్లాడుతూనే ఉన్నారు.