అట్లాస్ తలకిందులు, టీ12కి ఎల్1: పొరపాటు ఎక్కడ?

ప్రశ్న (తిరుపతి, ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం):
అన్నా, అక్కా, వచ్చే వారం ఎముకల వైవా. అట్లాస్‌ను (మెడలో మొదటి పూస) తలకిందులుగా పట్టుకుంటున్నా, టీ12ని (ఛాతీ వెనక చివరి పూస) ఎల్1 (నడుము మొదటి పూస) అనేస్తున్నా. గుర్తు ఏంది?

జవాబు 1:
తమ్ముడూ, అట్లాస్‌కు బాడీ (ముందుండే దిమ్మ) లేదు, స్పైన్ (వెనక ముల్లు) లేదు, ఫాసెట్లనే (పక్క ఎముక ఆనే నున్నటి తలాలు) నమ్ముకో. పైవి పొడుగ్గా, చిక్కుడుగింజ ఆకారంలో, గుంటగా ఉంటాయి. పుర్రె ఆక్సిపిటల్ కాండైల్స్ (అడుగున ఉండే రెండు బుడిపెలు) అందులోనే కూర్చుంటాయి. బొటనవేలు పెట్టి రుద్దు, లోపలికి దిగుతుంది. కిందివి గుండ్రం, దాదాపు చదును. పొట్టి ఆర్చ్ (వంపు) ముందుది. దాని లోపలివైపు డెన్స్ (రెండో పూస నుంచి పైకి పొడుచుకొచ్చే పన్నులాంటి భాగం) ఆనే నున్నటి మచ్చ ఉంటుంది. వెనక ఆర్చ్ మీద వర్టిబ్రల్ ఆర్టరీ (మెడ పూసల గుండా మెదడుకు పోయే ధమని) గాడి పైకి కనిపిస్తే సరిగా పట్టుకున్నట్టే.

జవాబు 2:
టీ12 కింది ఆర్టిక్యులర్ ఫాసెట్లు నడుము పూసలాగే పక్కలకు తిరిగి ఉంటాయి, మోసం అక్కడే. ముందు పెడికిల్ (బాడీని వెనక ఆర్చ్‌కు కలిపే కాడ) దగ్గర చూడు. పక్కటెముక ఆనే గుండ్రటి ఫాసెట్ ఒకటుంటే టీ12, లేకుంటే ఎల్1. టీ11కీ ఒకటే ఉంటుంది, కానీ దాని కింది ఫాసెట్లు సాధారణంగా ముందుకే చూస్తాయి.

జవాబు 3:
సీ7 (మెడ చివరి పూస) చేతికిస్తే జాగ్రత్త. ఫొరామెన్ ట్రాన్స్‌వర్సేరియం (పక్క కొమ్ములోని రంధ్రం) ఉంది కదా అని వర్టిబ్రల్ ఆర్టరీ పేరు చెప్పొద్దు. అది మామూలుగా సీ6 దగ్గర లోపలికి పోతుంది. సీ7లో సిరలే.

లెక్క అడిగితే యాక్సియల్ (శరీర మధ్య రేఖలోని) ఎముకలు 80: పుర్రె 22, చెవులవి 6, హయాయిడ్ (నాలుక కింది ఎముక) 1, వెన్ను 26, ఛాతీ 25. సేక్రమ్ (నడుము కింద కలిసిపోయిన పూసలు) ఒకటిగా, కాక్సిక్స్ (తోక ఎముక) ఒకటిగా లెక్క, అందుకే వెన్నుకు 33 కాదు.