పాత బెంచ్ డ్రిల్లింగ్ మెషిన్ ఇంటి షెడ్డుకు కొనవచ్చా? మోటారు మూడు ఫేజులది

ప్లైవుడ్ పిచ్చి:
బాలానగర్ దగ్గర ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు మూసేస్తున్నారు. అందులో 13 మి.మీ. (ఇనుములో అంత రంధ్రం దాకా వేసే) బెంచ్ డ్రిల్లింగ్ మెషిన్ అమ్మకానికి ఉంది. రాజ్‌కోట్ తయారీ, ఒళ్లంతా పోత ఇనుము, అర హెచ్‌పీ మూడు ఫేజుల మోటారు, వి-బెల్టు, నాలుగు మెట్ల పుల్లీ. రూ.11,000 అడుగుతున్నారు. రాణిగంజ్‌లో ఇదే సైజు కొత్తది, సింగిల్ ఫేజ్ మోటారుతో, రూ.18,000 చెప్పారు. మా ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజే.

నా పనులు రెండు రకాలు. అల్మరా తలుపులకు 35 మి.మీ. ఆటో హింజ్ (తలుపు లోపల దాగే కీలు) గుంటలు, అప్పుడప్పుడు ఇనుప ఫ్లాట్లకూ చదరపు గొట్టాలకూ 8, 10 మి.మీ. రంధ్రాలు. ఇప్పటిదాకా చేతి డ్రిల్లుతోనే నెట్టుకొస్తున్నాను. పాతది కొనమంటారా, ఇంకొంత వేసుకుని కొత్తదే తీసుకోమంటారా?

పోతఇనుము:
పాతదే. పోత ఇనుము దిమ్మకు వయసుతో పని లేదండీ. ఈ మెషిన్‌లో అరిగేవి బెల్టు, బేరింగులు, చక్ (బిట్టును బిగించే పట్టు), ఇంకా క్విల్ (లివరు తిప్పితే కిందికి దిగే గొట్టం) కూర్చునే బోరు. మొదటి మూడూ ఏ బజారులోనైనా దొరుకుతాయి. బోరు అరిగితే మాత్రం బేరం కూడా ఆడకుండా తిరిగి వచ్చేయండి.

ఆన్‌లైన్‌లో వచ్చే తేలికపాటి కొత్త రకాల సంగతి చెప్పనా? స్తంభం సన్నం, బల్ల పలచన. 10 మి.మీ. బిట్టుతో ఇనుము మీద గట్టిగా నొక్కితే తల వెనక్కి వంగుతుంది, రంధ్రం వాలుగా పడుతుంది. ఆ డబ్బుతో పాత బరువైన యంత్రం వస్తుంటే ఆలోచన దేనికి?

లెక్కలవారు:
పోతఇనుము గారూ, ఆయన రాణిగంజ్‌లో చూసిన కొత్తదాని గురించి అడిగితే మీరు ఆన్‌లైన్ బొమ్మ గురించి చెబుతున్నారు. అది పోటీ కాదు.

అసలు అవసరం దగ్గరికి వద్దాం. ఏడడుగుల అల్మరా తలుపును అడుగు వెడల్పు కూడా లేని బల్ల మీద ఎవరు పట్టుకుంటారు? రెండు వైపులా స్టాండ్లు పెట్టాలి, లేదా ఆ బల్లకు ఇంకో పెద్ద బల్ల తొడగాలి. వడ్రంగులు ఆ గుంటలు చేతి డ్రిల్లుకు జిగ్ (బిట్టు పక్కకు జరగకుండా పట్టే అచ్చు) పెట్టి వేస్తున్నారు. 18 మి.మీ. ప్లైవుడ్‌లో లోతు 12, 13 మి.మీ. మాత్రమే కదా. అంటే సగం అవసరం ఎగిరిపోయింది. మిగిలింది అప్పుడప్పుడు చేసే ఇనుము పని. దానికి సెంటర్ పంచ్ కొట్టి, ముందు 4 మి.మీ. బిట్టు దింపి, తర్వాత పెద్దది దింపితే చేతి డ్రిల్లు చాలు.

ఇక ధర. 11,000కు మోటారు మార్పు, ఆటో ట్రాలీ కిరాయి, స్టార్టరు, బిట్టు పట్టని చక్ ఉంటే కొత్త చక్, మెషిన్ వైస్ కలపండి. కొత్తదాని ధర పలకరిస్తుంది. పైగా కొత్తదానికి వారంటీ.

ప్లైవుడ్ పిచ్చి:
తలుపుల మాట ఒప్పుకుంటాను, జిగ్ కొంటాను. కానీ ఇనుములో పంచ్ కొట్టాకే డ్రిల్లు పెడుతున్నాను. చిక్కు ఎక్కడంటే, చదరపు గొట్టంలో ఒక గోడ నుంచి రెండో గోడ దాకా వెళ్లేటప్పుడు రెండు రంధ్రాలూ ఎదురెదురుగా రావడం లేదు. బోల్టు దూరదు. రెండో రంధ్రాన్ని ఆకురాయితో సాగదీయాల్సి వస్తోంది.

ఆటోనగర్ పాతకాపు:
ఇది పంచ్‌తో తీరే జబ్బు కాదు, దీనికి బెంచ్ డ్రిల్లే మందు. ఇంకో కారణం వేగం. ఇనుములో హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టు అంచు నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగంతో కోయాలి. 10 మి.మీ. బిట్టుకు లెక్క వేస్తే 800 ఆర్‌పీఎం దగ్గర ఆగుతుంది. చేతి డ్రిల్లులు చాలావరకు పూర్తి వేగంలో 2,500 పైనే తిరుగుతాయి. మీటను వేలితో సగమే నొక్కి వేగం తగ్గించవచ్చు గానీ అప్పుడు బలం తగ్గుతుంది. బిట్టు మొన నీలంగా మారుతుంటే కారణం బిట్టు నాణ్యత ఒక్కటే కాదు. పుల్లీ మెట్టు మారిస్తే వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది.

డల్లాస్ గ్యారేజీ:
మోటారు మార్చడం ఎందుకండీ? నేను ఇక్కడ పాత మూడు ఫేజుల డ్రిల్ ప్రెస్ కొని చిన్న వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) పెట్టాను. ఇంటి కరెంటు లోపలికి, మూడు ఫేజులు బయటికి. వేగం కూడా గుండ్రటి మీటతో మార్చుకోవచ్చు, బెల్టు ముట్టుకోనక్కర లేదు.

వైండింగ్ షాపు:
డల్లాస్ గారూ, మీ దగ్గర చాలా మోటార్లు 230, 460 రెండింటికీ కట్టించుకునేలా వస్తాయి కాబట్టి నేరుగా కుదిరింది. ఇక్కడ అర హెచ్‌పీ మోటారు మామూలుగా 415 వోల్టులకు స్టార్‌లో (మూడు చుట్టల కొసలు ఒక ముడిలో కలిపి) కట్టి ఉంటుంది. 230 తీసుకునే వీఎఫ్‌డీ బయటికి ఇచ్చేది కూడా 230 మూడు ఫేజులే. స్టార్‌లోనే వదిలేసి ఆ వోల్టేజీ ఇస్తే బలం మూడో వంతుకు పడిపోతుంది. మోటారు తిరుగుతుంది, బిట్టు ఇనుములో దిగగానే నిలబడిపోతుంది.

దాన్ని డెల్టాకు (చుట్టలను త్రికోణంగా కలిపే పద్ధతికి) మార్చాలి. టెర్మినల్ పెట్టె మూత తీసి చూడండి. ఆరు కొసలు ఉంటే పట్టీలు అటూ ఇటూ మారిస్తే చాలు. మూడే ఉంటే స్టార్ ముడి వైండింగ్ లోపల ఉన్నట్టు. దాన్ని వెతికి, విప్పి, మూడు కొసలు బయటికి తేవాలి. వార్నిష్ గట్టిపడిన పాత వైండింగ్‌ను కదిలిస్తే తీగ తెగే ప్రమాదం ఉంటుంది. అప్పుడు మొత్తం రీవైండింగే. ఎవరైనా ‘కండెన్సర్ వేసి సింగిల్ ఫేజు మీద తిప్పేద్దాం’ అంటే వద్దనండి. బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది.

పోతఇనుము:
మోటారు గురించి ఇంత బెంగ అక్కర లేదు, అది నాలుగు బోల్టుల వ్యవహారం. స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) చూడండి. క్విల్‌ను పూర్తిగా కిందికి దించి చక్‌ను పట్టుకుని పక్కలకు ఊపండి. చేతికి టకటక తెలిస్తే వదిలేయండి. బెల్టు తీసేసి స్పిండిల్‌ను చేత్తో తిప్పండి, గరగర ఉంటే బేరింగుల పని ఉంది. దిమ్మ మీద, ముఖ్యంగా తలకాయ స్తంభాన్ని పట్టుకునే చోట, ఇత్తడి రంగు గీత కనిపిస్తే పగిలిన పోతను అతికించారన్నమాట. కొత్తగా పెయింటు వేసిన మెషిన్ అయితే అక్కడ గోరుతో గీకి చూడండి. బల్ల మీద అడ్డదిడ్డంగా బిట్టు గుంటలు ఉంటాయి, వాటిని చూసి ముఖం తిప్పుకోవద్దు. ధర తగ్గించడానికి మాత్రం వాడుకోండి.

ప్లైవుడ్ పిచ్చి:
వెళ్లి చూసి వచ్చాను. మిత్రుడి డయల్ గేజ్ (సన్నని ఊపును కొలిచే ముల్లు పరికరం) తీసుకుని వెళ్లాను. చక్‌లో తిన్నని కడ్డీ బిగించి తిప్పితే 0.15 మి.మీ. ఊగింది. చక్ ఊడదీసి స్పిండిల్ టేపరు (చక్ కడ్డీ కూర్చునే వాలు రంధ్రం) లోపల ముల్లు పెడితే 0.02. పూర్తిగా దించిన క్విల్‌లో చేతికి తెలిసే ఊపు లేదు. అతుకులు లేవు. బల్ల మీద గుంటలు బోలెడు. టెర్మినల్ పెట్టెలో మూడే వైర్లు.

నడిపి చూపించిన కుర్రాడు గుడ్డ గ్లవుజులు వేసుకుని, ఫ్లాటును ఎడమ చేత్తో పట్టుకుని రంధ్రం వేశాడు. నాకే భయం వేసింది.

ఆటోనగర్ పాతకాపు:
తిరిగే బిట్టు గ్లవుజు దారాన్ని అందుకుంటే చెయ్యి వెనక్కి రాదు. గ్లవుజులు, వేలాడే చొక్కా చేతులు, దారాలు ఏవీ వద్దు. ముక్కను చేత్తో కాదు, వైస్‌లో పట్టాలి. బిట్టు అవతలి వైపు బయటికి వచ్చే క్షణంలోనే ముక్కను పట్టి గిర్రున తిప్పుతుంది.

ఇంకో మాట. మామూలు స్విచ్చు పెడితే కరెంటు పోయి వచ్చినప్పుడు మెషిన్ తనంతట తానే తిరుగుతుంది. మళ్లీ బటన్ నొక్కితే తప్ప నడవని స్టార్టరు పెట్టించండి. సింగిల్ ఫేజువి మోటారు దుకాణాల్లో దొరుకుతాయి.

లెక్కలవారు:
చక్ పోయింది, మోటారు పనికిరాదు, స్టార్టరు కొత్తది. కొనేది స్తంభమూ బల్లా అన్నమాట. దానికి 11,000?

పోతఇనుము:
స్పిండిల్ 0.02 అండీ. కొత్త పెట్టె విప్పినప్పుడు అంత వస్తుందని మీరు హామీ ఇస్తారా? ఊగేది చక్ మాత్రమే. ఆర్బరు (చక్‌ను స్పిండిల్‌కు కలిపే కడ్డీ) టేపరు తుడిచి, చక్‌ను సగం మలుపు తిప్పి మళ్లీ ఎక్కించి కొలవండి. తగ్గకపోతే కొత్త చక్. అది అరిగే సామానే.

లెక్కలవారు:
హామీ ఇవ్వను. అయినా ధర ఎక్కువే అంటున్నాను.

వైండింగ్ షాపు:
ఆ మూడు వైర్ల మోటారును మీరు కొనకండి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న షెడ్డు వాళ్లకు అది ఉపయోగమే. మోటారు ఉంచుకుని మెషిన్ ఇమ్మనండి.

ప్లైవుడ్ పిచ్చి:
అడిగాను. మోటారు, చక్ తీసేసి రూ.6,500కు ఇస్తామన్నారు. స్తంభం నుంచి తలను విడదీసి ట్రాలీలో ఎక్కించే బాధ్యత కూడా వాళ్లదే. ఒప్పుకున్నాను. అర హెచ్‌పీ, 1,440 ఆర్‌పీఎం సింగిల్ ఫేజ్ మోటారు చూసుకోవాలి.

వైండింగ్ షాపు:
పాత మోటారు విప్పేటప్పుడు మెట్ల పుల్లీని మాత్రం వదిలి రావద్దు, అది మెషిన్ సామానే. కొత్త మోటారు కొనడానికి దాన్ని చేత్తో పట్టుకుని వెళ్లండి. షాఫ్టు 14 మి.మీ. వాటిలోనూ ఉంటుంది, 19 వాటిలోనూ ఉంటుంది. పుల్లీ బోరు చిన్నదైతే లేత్ మీద పెద్దది చేయించవచ్చు, పెద్దదైతే బుష్ వేయించాలి. మోటారు కాళ్ల రంధ్రాల దూరం కూడా కొలిచి రాసుకోండి.

లెక్కలవారు:
6,500 అయితే నేనూ కొనేవాణ్ణి. వైస్ మరిచిపోవద్దు.