‘స్టైలింగ్’ను తెలుగులో ఏమనాలి?

కేశాలంకరణ పాఠాలను తెలుగులోకి తెస్తున్న మిత్రురాలొకరు ‘స్టైలింగ్’కు తగిన మాట చెప్పమని అడిగారు. తాను ‘శైలీకరణ’ అని రాసుకున్నారట. స్టైల్, శైలి రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే కదా అన్నది ఆవిడ వాదన. ఈ నమ్మకం చాలామందిలో ఉంది. ధ్వనిలో అంత పోలిక ఉన్నా ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. శైలి సంస్కృతంలో ‘శీలం’ నుంచి పుట్టింది. అలవాటు, నడవడి, తీరు అన్నవి దాని అర్థాలు. స్టైల్ మాత్రం లాటిన్‌లోని ‘స్టిలుస్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. స్టిలుస్ అంటే రాసుకునే మొనదేలిన పుల్ల, మన మాటలో గంటం.

రోమనులు మైనం పూసిన చెక్కపలకల మీద ఈ గంటంతో రాసేవారు. దాని ఒక కొన సూదిగా, రెండో కొన చదునుగా ఉండేది. సూదికొనతో గీసిన అక్షరం నచ్చకపోతే చదునుకొనతో మైనాన్ని నున్నగా రుద్ది మళ్లీ రాసేవారు. అందుకే లాటిన్‌లో ‘గంటం తిప్పడం’ అంటే రాసినదాన్ని సవరించడమని అర్థం. (తాటాకు మీద గీత పడితే పడినట్టే కనుక మన గంటానికి ఆ రెండో కొన అవసరం రాలేదు.) పనిముట్టు పేరు క్రమంగా రాసే తీరుకు, అక్కడి నుంచి చిత్రం గీసే తీరుకు, కట్టడం కట్టే తీరుకు, బట్ట కట్టే తీరుకు పాకింది. ఇంగ్లీషు వర్ణక్రమంలో ‘ఐ’ ఉండవలసిన చోట ‘వై’ చేరడానికి మాత్రం స్తంభమని అర్థమిచ్చే గ్రీకు మాట ‘స్టూలోస్’తో జరిగిన గందరగోళమే కారణం. వృక్షశాస్త్రంలో పువ్వులోని అండాశయానికీ కీలాగ్రానికీ నడుమ ఉండే భాగాన్ని కూడా ‘స్టైల్’ అనే అంటారు. అది ఆ స్తంభం వైపు మాట కనుక మన పాఠ్యపుస్తకాలలో దానికి ‘కీలం’ అని పెట్టడం సబబుగానే ఉంది.

‘స్టైల్’ క్రియగా మారినప్పుడు రెండు దారులు పట్టింది. ఒకరిని ఫలానా బిరుదుతో వ్యవహరించడం పాత దారి. మన పత్రికలు ‘స్వయంప్రకటిత’ అని రాసేది దాని నుంచి వచ్చిన ‘సెల్ఫ్ స్టైల్డ్’నే. ఒక వస్తువుకు రూపం కల్పించడం రెండోది. దుస్తులకూ జుట్టుకూ వాడేది ఇదే. వెబ్ పేజీల అక్షరాల సైజునూ రంగునూ నిర్ణయించడానికి 1996లో ప్రమాణంగా వచ్చిన ‘స్టైల్ షీట్లు’ కూడా ఈ కోవలోనివే. స్టైల్ అనేది తీరు, స్టైలింగ్ అనేది ఆ తీరు తెచ్చే చేతిపని. ‘శైలీకరణ’లో ఆ చెయ్యి కనబడడం లేదన్నదే నా అభ్యంతరం.

వాడుకలో ‘స్టైలు’ మనదైపోయింది. ‘స్టైలుగా ఉన్నాడు’ అంటే మెప్పు, ‘స్టైలు కొడుతున్నాడు’ అంటే ఎత్తిపొడుపు. ‘సోకు’ అన్న మాటలోనూ ఇలాంటి పుల్లవిరుపు ఉంది. పాఠంలో ఈ రెండూ పనికిరావు.

నాకు తోచిన మాట ‘దిద్దడం’. పలక మీద పెద్దలు రాసిచ్చిన ‘అ’ మీదే పిల్లవాడు బలపం పట్టుకుని, సన్నగీత చిటికెనవేలంత లావయ్యేదాకా, మళ్లీ మళ్లీ పోనిస్తాడు. దాన్ని దిద్దడం అంటాము. పంతులుగారు పరీక్ష పేపర్లలో తప్పులు గుర్తించినా దిద్దడమే. పెళ్లికూతురి నుదుట తిలకం, బుగ్గన చుక్క పెట్టినా దిద్దడమే. రాత, సవరణ, అలంకారం ఈ మూడూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. స్టిలుస్ రెండు కొనలతో చేసిన పని, ఆ తరువాత ఇంగ్లీషు మాట శతాబ్దాలపాటు నడిచి చేరుకున్న చోటు, రెండూ ఇందులో ఉన్నాయంటే అతిశయోక్తి కాదు. ‘కనుబొమలు తీర్చిదిద్దడం’ అని ఎలాగూ అంటున్నాము కనుక ‘జుట్టు తీర్చిదిద్దడం’ అన్నా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

అయితే పాఠం పేరు దగ్గర, దుకాణం బోర్డు దగ్గర ‘హెయిర్ స్టైలింగ్’ను అలాగే ఉంచమనే చెప్పాను. పని నేర్చుకునే అమ్మాయి రేపు ఉద్యోగానికి వెళ్లినచోట వినబడేది ఆ మాటే. లోపలి వాక్యాలలో మాత్రం ‘ముందు జుట్టు తడిపి, చిక్కు తీసి, పాయలుగా విడదీసి, ఆపై తీర్చిదిద్దండి’ అని రాస్తే, చదివే చేతులకు ఏం చేయాలో తెలుస్తుంది.