అప్‌డేట్: డీజిల్ ఎస్‌యూవీనా, చిన్న పెట్రోల్ కారా అని అడిగాను కదా

రోజుకు పది పన్నెండు కిలోమీటర్లే తిరుగుతాం, ఇంట్లో నలుగురం, పెద్ద డీజిల్ ఎస్‌యూవీ కొనాలా, చిన్న పెట్రోల్ కారు సరిపోతుందా అని నెల కిందట అడిగాను కదా, చివరికి పెట్రోల్ హ్యాచ్‌బ్యాకే తీసుకున్నాను.

మీలో ఒకరు డీపీఎఫ్ గురించి చెప్పింది బాగా పనికొచ్చింది. డీజిల్ పొగలోని మసిని పట్టే ఆ ఫిల్టర్ శుభ్రపడాలంటే బాగా వేడెక్కాలి, అంటే అప్పుడప్పుడు హైవే మీద కాసేపు ఆగకుండా నడపాలి, మా తిరుగుడంతా సిగ్నళ్ల మధ్యే కాబట్టి అది మూసుకుపోవడం, వార్నింగ్ లైటు వెలగడం, షెడ్డు చుట్టూ తిరగడం... ఆ టెన్షన్ వద్దనుకున్నాను.

ఈఎంఐ ఒక్కటే లెక్కేసుకున్న నన్ను ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసు కూడా కలిపి రాయమన్నారు. రాశాక నాకే నవ్వొచ్చింది. పెద్ద బండికి టైర్లూ పెద్దవే, వాటి రేటూ పెద్దదే.

టెస్ట్ డ్రైవ్‌కి అమ్మను కూడా తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో ఎస్‌యూవీ ఎక్కడానికి ఇబ్బంది పడింది, మరీ కిందకున్న సీట్లోంచి లేవడమూ కష్టమే, అందుకే కాస్త ఎత్తు సీటున్న మోడల్ చూశాం.

డిక్కీ మాత్రం చిన్నదే. రెండు సూట్‌కేసులకే నిండిపోతుంది, ఊరెళ్లేటప్పుడు మా ఆవిడతో గొడవ తప్పేలా లేదు.